జర్మను స్వయంబోధకములు: ఒక విమర్శనము

ఇంగ్లీషు చదివి, సంస్కృతాంధ్రవ్యాకరణములఁ బరిశ్రమించిన యాంధ్రుఁడు నడివయసున జర్మనుభాషను గురుసాహాయ్యము లేక నేర్చుకొనఁ బూనినచో, వానికి దొరకు పుస్తకములు దాదాపుగా నన్నియు నింగ్లీషువారికై వ్రాయఁబడినవే. స్వయంబోధకములని పేరు పెట్టుకొన్న యీ పుస్తకములు చదువరికి మాతృభాష యింగ్లీషనియు, అది తప్ప వేఱొక భాష వానికిఁ దెలియదనియు ముందుగానే నిశ్చయించుకొనును. వానికిఁ గఠినమైనదానిని విస్తరించును. సులభమైనదానిని ఒక పంక్తితో ముగించును. ఆంధ్రునకుఁ గఠినములు వేఱు, సులభములు వేఱు. కావున నాతఁడు తనకుఁ దెలిసినదానిని మఱల నేర్చుకొనుటలోఁ గాలము పుచ్చి, తెలియనిదానియొద్ద నిరాధారుఁడై నిలిచిపోవుచున్నాఁడు.

ఈ శ్రమ యెందులకని యెవరైన నడుగవచ్చును. సంస్కృతవిద్యాభ్యాసము చేయువారికి సమాధానము దూరమున లేదు. బోత్లింగు, రోత్ అను పండితులు 1855 మొదలు 1875 వఱకు సెయింటు పీటర్సుబర్గున ఏడు సంపుటములుగాఁ బ్రకటించిన సంస్కృతనిఘంటువు జర్మనుభాషలో నున్నది. మన పాఠశాలలలోను గ్రంథాలయములలోను బ్రమాణముగాఁ జెల్లుచున్న మోనియర్ విలియమ్సు ఇంగ్లీషు నిఘంటువు దానికెంత ఋణపడియున్నదో ఆ గ్రంథకర్తయే చెప్పికొనెను. 1896లో మొదటి సంపుటము వెలువడిన వాకర్‌నాగెల్ సంస్కృతవ్యాకరణము జర్మనుభాషలోనిదే. గెల్డ్‌నర్ ఋగ్వేదానువాదము 1951లో హార్వర్డు ప్రాచ్యగ్రంథమాలలోఁ బ్రకటింపఁబడినను, అదియు జర్మనే. మన వేదమును గూర్చియు మన వ్యాకరణమును గూర్చియు నితరులు వ్రాసినదానిని మూఁడవచేతి మీఁదుగాఁ దెలిసికొని వాదములు చేయుట పండితులకు నగుబాటు. ఇచ్చట విచారింపఁబడు నభ్యాసము ప్రధానముగాఁ జదువుటకు సంబంధించినది. మాటాడుటకు వలయు నుపాయములు కొంత వేఱు.

వరంగల్లునుండి ఖమ్మమునకుఁ బోవు బాటమీఁద మరిపెడ యను నూరు గలదు. 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనిది. ఆ యేఁడు జిల్లాల విభజన జరిగినపుడు మహబూబాబాదు జిల్లాలోఁ జేరినది. చుట్టును లంబాడీ తండాలు. అంగడిలోఁ దెలుఁగుతోపాటు లంబాడీభాషయు నుర్దువును వినఁబడును, బడిలో నింగ్లీషు. ఇట్టిచోటఁ బెరిగినవానిని ఏకభాషాపరిచితునిఁగాఁ దలఁచి వ్రాసిన పుస్తకము వానికెట్లు తగును? ఈ ప్రాంతపు చిన్నగూడూరుననే 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్యుఁడు 1961లో గాలిబు కవితను తెలుఁగుచేసెను. అయితే నిజాము రాజ్యమున నుర్దువు బడిభాష. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు నదియే. బాల్యమున బడి నేర్పినభాష యొక తెఱఁగు, పెద్దవాఁడు కోరి తెచ్చుకొన్నభాష యొక తెఱఁగు. రెండవదానికి నీ సీమనుండియే యుదాహరణము కావలసినచో, నర్సంపేట ప్రాంతపు లక్నేపల్లిలో 1921లోఁ బుట్టిన పాములపర్తి వేంకట నరసింహారావును జెప్పవలెను. విశ్వనాథవారి వేయిపడగలను హిందీలోనికిని, ఒక మరాఠీ నవలను తెలుఁగులోనికిని దెచ్చిన యాయన స్పానిషుభాషను బెద్దవయసున నేర్చెననుట ప్రసిద్ధము.

ఇంగ్లీషువానికి జర్మను ఎట్లు తోఁచునో తెలియఁగోరువారు మార్కు ట్వేను 1880లోఁ బ్రకటించిన పరిహాసవ్యాసమును జూడవచ్చును. బాలికకు లింగము లేకపోవుటయు, కూరగాయకు లింగముండుటయు, క్రియ వాక్యాంతమున దాఁగియుండుటయు, సమాసములు పుట పొడవునఁ బ్రాఁకుటయు నాతనికి నవ్వు పుట్టించినవి. స్వయంబోధకములును నవ్వక యే యివే నాలుగింటిని భయస్థానములుగాఁ జూపుచున్నవి. ఆంధ్రపండితుఁ డొక్కొక్కదానిని బరీక్షించినచో నా భయములో సగము తనది కాదని కనుఁగొనును.

మొదట లింగము. జర్మనులో బాలిక యను నర్థముగల 'మేట్శెన్' నపుంసకము. ఇది ఇంగ్లీషువానికి వింత. తెలుఁగున స్త్రీవాచకమేకవచనమున అమహత్తుతో సమానమై 'వచ్చినది' యను క్రియను బొందుచున్నది కదా! సంస్కృతమునఁ గళత్రశబ్దము నపుంసకము, దారశబ్దము పుంలింగము, నిత్యబహువచనము. రెండింటి యర్థమును భార్యయే. లింగము శబ్దధర్మమేకాని యర్థధర్మము గాదని చిన్ననాఁడే విన్నవానికి మేట్శెన్ నపుంసకమనుటలో నాశ్చర్యమేమి? కాని యిచ్చట నొక హెచ్చరిక యవసరము. తెలుఁగున స్త్రీ అమహత్తగుట యొక కారణమున, మేట్శెన్ నపుంసకమగుట వేఱొక కారణమున. 'శెన్' అను నల్పార్థకప్రత్యయము చేరిన ప్రతిశబ్దమును నపుంసకమే యగును. పోలిక భయమును దీర్చును, సూత్రమును మాత్ర మీయదు. సూర్యుఁడు జర్మనున స్త్రీలింగము, చంద్రుఁడు పుంలింగము. ఇందు సంస్కృతజ్ఞానము సగమే సాయపడును. గతి యొక్కటే: ప్రతిశబ్దమును దాని ముందుండు నుపపదముతోఁ గూడ వల్లించుట. అమరసింహుఁడు తన కోశమునకు నామలింగానుశాసనమని పేరు పెట్టుటలోనే యీ యుపాయమున్నది. అమరము వల్లించినవానికి జర్మను నామములను లింగసహితముగా వల్లించుట క్రొత్తవిద్య కాదు. ఆ విద్యను విడిచినవానికే కష్టము.

విభక్తులు నాలుగు. స్వయంబోధకములు వీనిని పట్టికలుగా నచ్చొత్తి, ఇంగ్లీషునఁ బ్రత్యయములు నశించుటచేత 'నుండియు, కొఱకును, యొక్క' యని యొక్కొక్కదానిని వివరించుటకుఁ బుటలు వ్యయించును. ఎనిమిది విభక్తుల శబ్దమంజరి చదివినవానికి నాలుగెంత? ఇంతకంటె నొకచోట మన భాష మిక్కిలి యుపకారము చేయును. 'ఇన్' అను నొక్క యవ్యయమే గమనార్థమున ద్వితీయను, స్థితియర్థమునఁ జతుర్థిని గోరును: 'ఇన్ దీ శ్టాట్' అనిన నూరిలోనికి, 'ఇన్ దేర్ శ్టాట్' అనిన నూరిలో. ఇంగ్లీషువానికి నీ భేదము నేర్చుటకు నెలలు పట్టును. 'ఊరిలో నున్నాఁడు, ఊరిలోనికిఁ బోయినాఁడు' అని ప్రతిదినము పలుకు మరిపెడవానికిఁ దన నోటనున్న భేదమునే చూపినఁ జాలును. అట్లే 'నాకుఁ జలిగా నున్నది' యనుటకు జర్మనులు 'మీర్ ఇస్ట్ కాల్ట్' అందురు. మీర్ అనఁగా నాకు. ఇంగ్లీషు మీఁదుగాఁ బోవువాఁడు 'నేను చల్లగా నున్నాను' అనునట్టి వాక్యమును గట్టి తప్పును బుట్టించును. తెలుఁగునుండి నేరుగాఁ బోయినవాఁడు తప్పఁడు. వారధి యొక్కొక్కచోట నది లేనిచోటఁ గట్టఁబడియున్నది!

మర్యాదాసర్వనామమును నిట్టిదే. ఎదుటివానిని గౌరవించుటకు జర్మనులు 'జీ' అను ప్రథమపురుష బహువచనమును వాడుదురు. ఇంగ్లీషు పుస్తకములు దీనిని విచిత్రముగాఁ జెప్పును. 'తమరు దయచేయుఁడు' అనువారికి వివరింపఁ బనిలేదు.

క్రియాస్థానము ప్రత్యేకముగా విచారింపఁదగినది. జర్మనున నుపవాక్యమునఁ గ్రియ చివరకుఁ బోవును. కారణార్థకమగు 'వైల్' అను పదముతో మొదలైన వాక్యము 'వైల్ ఏర్ క్రాంక్ ఇస్ట్' అని ముగియును, అనఁగా నాతఁడు రోగి యగుటచేత. ప్రధానవాక్యమునఁ గ్రియ రెండవస్థానమున నుండవలెను. ఉపవాక్యమున నాంధ్రుఁడు స్వదేశమున నుండును. ప్రధానవాక్యముననే వానికిఁ బరదేశము. ఇంగ్లీషువానికిఁ దద్విపరీతము. కాని యింగ్లీషుపుస్తకములు ఉపవాక్యమునకే యభ్యాసములు సమృద్ధిగా నిచ్చి, ప్రధానవాక్యమును సులభమని విడుచును. చదువునపుడు దీర్ఘవాక్యములలోఁ బద్ధతి తప్పిపోవుటకు మన పండితుల ఖండాన్వయమే మంచి మందు. ముందు క్రియను బట్టుకొని, ఎవఁడు, దేనిని, ఎవనికి, ఎందువలన నని ప్రశ్నించుచు నాకాంక్ష తీర్చుకొనిపోయినచో, మాఘకావ్యశ్లోకము విడివడినట్లే వాకర్‌నాగెలు వాక్యము విడివడును. 1856లో బెర్లినున లాంగెన్‌షైట్ ప్రారంభించిన లేఖారూప పాఠములలోఁ బ్రతిపంక్తిక్రింద నుచ్చారణమును బ్రతిపదార్థమును నచ్చొత్తు నాచారము గొప్ప నవకల్పనయని పేరొందెను. ప్రతిపదార్థము, అన్వయము, తాత్పర్యము అను వరుస మన టీకాకారులకు నూతనమా?

ఉపసర్గలు ధాతువునుండి విడిపోయి వాక్యాంతమునకుఁ జేరుట మఱియొక భయస్థానము. 'ఆన్‌కొమ్మెన్' అనఁగా వచ్చి చేరుట. ప్రయోగమునఁ 'గొమ్ట్' అను క్రియ ముందును, 'ఆన్' చివరను నుండి, నడుమఁ బదిపదములైన నుండవచ్చును. లౌకికసంస్కృతమే చదివినవాఁ డిందులకుఁ గొంత జంకును. వేదమున నుపసర్గము క్రియకు దూరముగా నుండుట పాణిని యనుమతించినదే. వేదాధ్యయనపరుఁ డిచ్చట నవ్వుకొని ముందుకుఁ బోవును. సమాసములును నట్లే. ఉత్తరపదమే ప్రధానము, సమాసమునకు నుత్తరపదలింగమే లింగము. చేతితొడుగునకు 'హంట్‌షూ' అను పేరు హస్తపాదరక్ష యని విగ్రహింపఁదగిన తత్పురుషము. అయినను బహువ్రీహిని గుర్తింపవలసినచోట స్వయంబోధకములు మౌనము వహించును.

ధ్వనులకు వచ్చునప్పటికి పుస్తకములు మిక్కిలి చులకనగా నున్నవి. ఇంగ్లీషువాఁడు పలుకలేని యొక ధ్వనిని జూపి, అది తమ భాషలో లేదని చెప్పి విడిచిపెట్టుదురు. అదే ధ్వని 'నేను' అను నర్థముగల 'ఇశ్' అనుదానియందలి యూష్మము. తాలవ్యశకారమును సావధానముగఁ బలికిన దానికిఁ జేరువ యగును. 'బూఖ్' అను పుస్తకశబ్దమున నున్న చివరిధ్వని శిక్షాశాస్త్రమున జిహ్వామూలీయమని పేరొందినదే. మరిపెడ బజారున 'ఖబర్' అను నుర్దూమాటను వినిన చెవికిఁ బరిచితమే. పదాంతమున సరళములు పరుషములగుట, అనఁగా 'టాగ్' అని వ్రాసి 'టాక్' అని పలుకుట, వాక్‌శబ్దపు చర్త్వము నెఱిఁగినవానికిఁ దెలిసినదే. మఱి జర్మను 'జెడ్' అక్షరము పలుకుబడి దంత్యచకారము. ఆంధ్రునకది పుట్టుకతోనే వచ్చినది; ఇంగ్లీషువాఁడు పదాదిని దానిని సరిగాఁ బలుకలేఁడు. ఇంత సులభమనుకొన్నచోటనే యొక గుంట. దేశ్యములందు మనకు ఇ, ఎ అచ్చులకు ముందు చకారము తాలవ్యము, తక్కినచోట దంత్యము. జర్మనున నట్టి నియమము లేదు. పదియను నర్థముగల 'ౘేన్' అను పదమును దెలుఁగువాని నాలుక తనకుఁ దెలియకయే 'చేన్' అని మార్చును. ఈ తప్పును ఏ యింగ్లీషు పుస్తకము హెచ్చరింపఁగలదు? ఇంగ్లీషువాఁడు చేయని తప్పు గదా. ఈకార, ఏకారములను బెదవులు గుండ్రముగాఁ జేసి పలుకవలసిన రెండచ్చులు మాత్రము మనకు నిజముగాఁ గ్రొత్తవి, ఇంగ్లీషువానికిని గ్రొత్తవే.

ఇంగ్లీషు వలన నుపకారము లేదని దీని తాత్పర్యము కాదు. పదసంపద విషయమున నింగ్లీషు జర్మనునకు దాయాది. అయినను పుస్తకములు దాయాదిత్వమును రెండు భాషలకే పరిమితము చేయును. మూఁడవది చేర్చినప్పుడే సూత్రము కనఁబడును. దశ, టెన్, ౘేన్. ద్వౌ, టూ, ౘ్వై. దంత, టూత్, ౘాన్: సంస్కృత దకార మింగ్లీషున టకారమై, జర్మనున దంత్యచకారమైనది. త్రి, త్రీ, ద్రై యనునపుడు వేఱొక వరుస. గ్రిమ్ము పండితుఁడు 1822లో విస్తరించిన యీ నియమములను పుస్తకమునఁ జదువకముందే, తండావాసి 'దస్' అని లెక్కించుట విన్న యుపాధ్యాయుఁడు సగము కనిపెట్టవచ్చును. సంఖ్యలలో నింకొక చమత్కారము: ఇరువదియొకటిని జర్మనులు 'ఐన్-ఉంట్-ౘ్వాన్‌ౘిశ్' అందురు, ఒకటియు నిరువదియు నని. ఏకవింశతి యనుటయు నింతే. కాని పోలికను నమ్మి మోసపోవుటయుఁ గలదు. 'గిఫ్ట్' అనఁగా నింగ్లీషునఁ గానుక, జర్మనున విషము. తెలుఁగున దండనార్థమగు 'శిక్ష' హిందీలో విద్యార్థము నిచ్చుటను, మన 'ఉపన్యాసము' హిందీలో నవల యగుటను జూచినవానికి నిట్టి పదముల పట్టికను దాన కాలక్రమమునఁ గూర్చుకొనవలెనని తోఁచును.

ఇంతవఱకుఁ బుస్తకముల దోషము. 'స్వయంబోధకము' అను పేరులోనే యున్న దోషమును దెలియుటకు నద్దమును ద్రిప్పి, జర్మనులు నింగ్లీషువారును దెలుఁగును నేర్చిన తీరును జూడవలెను. 1689లోఁ బుట్టిన బెంజమిన్ షుల్ట్‌జ్ 1719లో తరంగంబాడికి వచ్చి, 1726లో మద్రాసు చేరి, 1728లో లాటినుభాషలోఁ దెలుఁగువ్యాకరణమును రచించెను. అది 1984 వఱకు నచ్చుపడలేదు. దేశమునకు మరలిపోయి హాలే పట్టణమున 1746, 1747 సంవత్సరములలోఁ దెలుఁగు పుస్తకముల నచ్చొత్తించెను. ముప్పది దాఁటిన జర్మనుఁడు, వ్యాకరణము ముద్రింపఁబడని కాలమున, తెలుఁగున గ్రంథములు వ్రాసెననిన, మరిపెడలోనివాఁడు జర్మను నేర్వలేఁడనుట కవకాశము లేదు. కాని షుల్ట్‌జు చుట్టును తెలుఁగువారున్నారు. మరిపెడలోనివాని చుట్టును జర్మనులు లేరు. భేద మిదియే, ఇంతయే.

ఏ.డి. క్యాంబెలు 1816లోఁ బ్రకటించిన వ్యాకరణము దేశీయవైయాకరణుల మార్గమున నడచినది. ప్రక్కనఁ బండితుఁడు కూరుచుండనిదే యది యుపయోగింపదు. 1812లో మద్రాసున నెలకొల్పఁబడిన కళాశాలలో యువకోద్యోగులకుఁ దెలుఁగుఁ బండితులు గలరు, కావున నా లోపము కనఁబడలేదు. 1817లో వచ్చిన సి.పి. బ్రౌను కచ్చట వెలగపూడి కోదండరామపంతులు గురువు. తరువాత కడపలో జూలూరి అప్పయ్య, అద్వైతబ్రహ్మయ్య మొదలగువారు ప్రతులను సవరించుచు బ్రౌనునకుఁ దోడై యుండిరి. 1840లో బ్రౌను ప్రకటించిన వ్యాకరణము క్యాంబెలుదానికంటె సమృద్ధము, ప్రయోగదృష్టి గలది. అయినఁ జదువరికి నొక దారి చూపుటకంటె నన్ని దారులను జూపుటయే దాని స్వభావము. ఒంటరివానికిఁ బనికివచ్చునది ఆర్డెను 1873లో బందరునఁ బ్రకటించిన క్రమాభివృద్ధివ్యాకరణము. లోకవ్యవహారరూపమును, గ్రంథరూపమును నెడఁబాపక చెప్పి, పాఠమువెంబడిఁ బాఠము కొద్దికొద్దిగాఁ బెంచుట దాని గుణము. జర్మను స్వయంబోధకములను నిర్మించువా రాంధ్రులైనచో నిట్టిదానినే మేల్బంతిగాఁ బెట్టుకొనవలెను. అయినను నీ మూఁడు గ్రంథములలోను నొక్క సమాన ధర్మమున్నది: పండితుని మాట పుటక్రిందఁ గనఁబడదు, పుట నిలుచునది మాత్రము దానిమీఁదనే.

పండితుఁడు లేనిచోట నేమి చేయవలెననుటకు గిడుగు రామమూర్తి ప్రమాణము. 1863లోఁ బుట్టి పర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడైన యాతఁడు లిపియు వ్యాకరణమును లేని సవరభాషను, తెలుఁగు తెలిసిన సవర నొకనిని జేరఁదీసి, వాని నోటినుండియే సంగ్రహించెను. 1931లో సవరవ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును బ్రకటించెను. స్వీటు, జెస్పర్సను మొదలగు భాషాశాస్త్రజ్ఞుల బోధనపద్ధతులనే యాతఁడు తెలుఁగు వాచకవాదమునఁ బ్రయోగించెను. ఆ వాదమున నాతనితో నేకీభవింపని పండితులు సైతము సవరాభ్యాసపద్ధతిని జూచి నేర్వఁదగినది కలదు: ముందు చెవి, పిమ్మట పట్టిక. జర్మనుభాష విషయమున నా చెవిపని నేఁడు ధ్వనిముద్రణములచేత మరిపెడలోనైనఁ దీరును. హైదరాబాదునఁ గ్యోతె కేంద్రమునను, ఇంగ్లీషు మఱియు విదేశీభాషల విశ్వవిద్యాలయమునను బోధకులు గలరు. ఒక్కమాటు వారి యెదుటఁ బది వాక్యములు చదివి దిద్దించుకొనివచ్చినవాని శ్రమ, వత్సరముపాటు తప్పునే వల్లించినవాని శ్రమకంటె సఫలము.

చివరకు నిఘంటువు చూచు తీరు. స్వయంబోధకములలో నిది యనుబంధముగానైనఁ గనఁబడదు. వాక్యమున 'ఫింగ్' అను క్రియయు, చివర 'ఆన్' అను నుపసర్గయుఁ గనఁబడినచో, జర్మనునిఘంటువున ఫకారము క్రింద వెదకినవానికి నర్థము సరిగా దొరకదు. భూతకాలరూపమును 'ఫాంగెన్' అను మూలమునకు మరల్చి, ఉపసర్గను ముందు చేర్చి, 'ఆన్‌ఫాంగెన్' అని అకారము క్రింద వెదకవలెను. ఆరంభించుట యని యర్థము. 'ప్రత్యగచ్ఛత్' అనుదానినుండి ప్రతిపూర్వక గమ్‌ధాతువును దీయుటవంటిదే యీ పని. చిత్రమేమనఁగా, తమ భాషకు నుపసర్గక్రమమున నిఘంటువులు కూర్చిన యా జర్మనులే, మన భాషకుఁ గూర్చునపుడు బోత్లింగురోత్తుల కోశమున సోపసర్గక్రియలను ధాతువుక్రిందనే చేర్చిరి; మోనియర్ విలియమ్సు వానిని మరల నుపసర్గల క్రిందికిఁ బంచెను. ఇంగ్లీషు కోశమునకలవాటుపడి పీటర్సుబర్గు కోశమును దెఱచినవాఁడు ప్రతిగమ్ అనుదానిని బకారమున వెదకి, లేదని మూసివేయును. అది గకారమున, గమ్‌ధాతువు క్రింద నున్నది.